ఇంటిమీదికి వచ్చిన సైన్యము

యుద్ధచరిత్రలు చదువు అలవాటు గలవారికి సైన్యమనగా మరియొక సైన్యమునకు ఎదురుగా నిలుచునది. కోట, ముట్టడి, సంధి, కప్పము - ఇవియే ఆ గ్రంథములందలి మాటలు. తెలంగాణమున 1946 మొదలు 1951 వరకు జరిగిన రైతుపోరాటమును గూర్చి వ్రాయబూనువారికి ఈ మాటలు చాలవు. అచ్చట సైన్యమునకు ఎదురుగా నిలిచినది తరచుగా ఒక గడప. ఆ గడపలో ఒక ముసలితల్లి, ఆమె వెనుక చంటిబిడ్డనెత్తుకొన్న కోడలు. కొడుకు అడవిలో నుండెను. సైన్యము ఇంటికి వచ్చెను.

ఆ పోరాటముయొక్క సమగ్రచరిత్రను వ్రాయుట మా ఉద్దేశము కాదు. దానిని నడపినవారిలో ముఖ్యులైన పుచ్చలపల్లి సుందరయ్యగారే 1972లో పెద్దగ్రంథము వెలువరించిరి. మేము చెప్పదలచినది ఒక్కటే. ఉద్యమకారుడు చేజిక్కనప్పుడు అతని కుటుంబమును దండించుట ఒకరిద్దరు సిపాయిల దుడుకుతనము కాదు; అది నిజాముప్రభుత్వము, పిదప హైదరాబాదు సైనికప్రభుత్వము, ఇవతల చెన్నరాష్ట్రప్రభుత్వము ఒకదాని తరువాత నొకటి చేపట్టిన పద్ధతి. మూడింటిలో ఒకదానిని మాత్రమే మనము బాగుగా జ్ఞాపకముంచుకొంటిమి.

నిజాము రాజ్యమున భూమిలో ఇంచుమించు నూటికి నలుబదివంతులు జాగీర్ల క్రిందను, నిజాము సొంత కమతమైన సర్ఫెఖాసు క్రిందను ఉండెను. తక్కిన భాగమున దేశముఖుల పెత్తనము. విసునూరు దేశముఖునకు 40,000 ఎకరములుండెనని చెప్పుదురు. చాకలి బట్టలుతికిపెట్టవలెను, కుమ్మరి కుండలీయవలెను, మాదిగ చెప్పులు కుట్టీయవలెను, కూలి యడుగరాదు. దీనికే వెట్టి యని పేరు. 1944లో భువనగిరి మహాసభనాటినుండి ఆంధ్రమహాసభ రావి నారాయణరెడ్డిగారి నాయకత్వమున ఈ వెట్టికి ఎదురుతిరిగినది. పల్లెలలో దానిని 'సంఘము' అనియే పిలిచిరి.

మొదటి పరీక్ష ఒక స్త్రీకి వచ్చినది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు దున్నిన పొలములోని పంటను దేశముఖు మనుష్యులు కోసికొనిపోవ వచ్చిరి. సంఘమువారు వారిని తరిమి పంటను ఆమె యింటికి చేర్చిరి. అటుతరువాత జరిగినదానిని పాఠకులు గమనింపవలెను. ఐలమ్మ నడుము వంగలేదు గనుక ఆమె భర్తను, కొడుకులను జైలున వేసిరి. ఆమె యిల్లు తగులబెట్టిరి. ఒకరు లొంగకపోయినచో ఇంటిల్లిపాదిని పట్టుట అప్పటినుండియే కానవచ్చుచున్నది. 1946 జులై 4వ తేదీన కడవెండిలో దొరగడీనుండి పేలిన తుపాకికి దొడ్డి కొమరయ్య నేలకొరగెను. పల్లెలు లేచెను. దొరల మనుష్యులవలన కానిపనికి పోలీసులును, ఆ వెనుక సైన్యమును దిగిరి.

సైన్యము చేయు పని అంతట నొక్కటే. తెల్లవారకముందే ఊరిని చుట్టుముట్టుదురు. మగవారిని చావడికడనో, చెట్టుక్రిందనో చేర్చి, ఫలానావాడు ఎక్కడ, ఎవరు అన్నము పెట్టుచున్నారని యడుగుదురు. చెప్పనివానిని కొట్టుదురు, చెప్పగలిగినది లేనివానిని సయితము కొట్టుదురు. ఇంతలో మరికొందరు ఇండ్లలో జొరబడి కుండలు పగులగొట్టి, గాదెలు విప్పి, గింజలను మట్టిపాలు చేయుదురు. ఆ యింట మిగిలిన స్త్రీల గతిని వివరింపనక్కరలేదు. లెవీధాన్యపు తగాదాలో ఆకునూరు గ్రామముమీద పడిన బలగములు అచ్చటి స్త్రీలను చెరచినవన్న వార్త దేశమంతట ప్రాకెను. పద్మజానాయుడుగారు ఆ గ్రామమునకు పోయి విచారించి బయటపెట్టుటచేత అది కాగితముమీదికెక్కినది. కాగితముమీదికెక్కని గ్రామములే ఎక్కువ.

ఒక సందేహము కలుగవచ్చును. తుపాకి పట్టినవానిని వదలి వంటకుండను పగులగొట్టుటవలన సైన్యమునకేమి లాభము? లాభము కలదు. దళములకు అడవిలో అన్నము పండదు. పగలు పొలమునకు పోయిన అక్కయే చద్దిమూట గట్టుక్రింద దాచిపెట్టవలెను. పశువులు కాయు పిల్లవాడే సిపాయిల జాడ చెప్పవలెను. ఇల్లు బెదరినచో దళము ఆకలితో బయటపడునని అధికారుల లెక్క. అందుచేత ఇల్లు వారికి దారిలో తగిలిన అడ్డుకాదు, అదియే గురి. దీనిని గ్రహింపనివారు 'పాపము, స్త్రీలుకూడ బాధపడిరి' అని ఒక్క వాక్యముతో తేల్చివేయుదురు. ఆ 'కూడ' అను మాట మాకు సరిపడదు.

బైరాన్‌పల్లి నేడు సిద్ధిపేట జిల్లాలో నున్నది. రజాకార్ల దాడులకు జడిసి ఆ ఊరివారు బురుజుమీద కాపుండి, శత్రువు కనబడగనే నగారా మ్రోగించి, నాటుతుపాకులతోను వడిసెలలతోను ఎదుర్కొనుచుండిరి. రజాకార్లు వచ్చి ఓడిపోయిరి. ఓటమి అవమానముగా మారినది. 1948 ఆగష్టు 27వ తేదీ వేకువను నిజాము సైన్యమును వెంటబెట్టుకొని, ఫిరంగితో సహా, వారు మరల వచ్చిరి. బురుజు వారి వశమైనది. మగవారిని వరుసగా నిలువబెట్టి కాల్చిరి. చనిపోయినవారి సంఖ్యను గూర్చి పలువిధములుగా చెప్పుదురుగాని 80కి తక్కువ యని చెప్పువారు లేరు. పిదప స్త్రీలను వివస్త్రలను గావించి బతుకమ్మ యాడించిరని గ్రామస్థులు నేటికిని చెప్పుచున్నారు. పువ్వులను పేర్చి, పుట్టినింటికి వచ్చిన ఆడపడుచులు పాడుకొను పండుగను శిక్షగా మార్చినవాని మనస్సు ఎట్టిదో మాకు ఊహకందుట లేదు. బయటివానికి బతుకమ్మ అనగా నేమో తెలియదు; ఇది తెలిసినవారి పని.

సరిగా మూడువారములకు, సెప్టెంబరు 17న, నిజాము లొంగిపోయెను. రజాకార్ల పీడ విరగడయైనదని పల్లెలు పండుగ చేసికొనెను. ఆ పండుగ అందరిది కాలేదని కూడ చెప్పుట న్యాయము. సంస్థానమున, ముఖ్యముగా మరాటీ జిల్లాలలో, ఏ పాపమెరుగని ముసల్మాను కుటుంబములమీద ప్రతీకారము సాగినది. కేంద్రప్రభుత్వము పంపగా తిరిగివచ్చిన పండిత సుందర్‌లాల్ సంఘము మృతులు 27,000కు 40,000కు నడుమ నుందురని అంచనా వేసినది. ఆ నివేదిక 2013 వరకు జనులకందుబాటులో లేదు. అచ్చటను బలియైనది కుటుంబములే.

మేజర్ జనరల్ చౌదరి సైనిక గవర్నరైన పిమ్మట దండు మరలిపోలేదు. దండు అడవివైపు తిరిగినది. పారిపోయిన దొరలు ఖద్దరు టోపీలు ధరించి గడీలకు తిరిగివచ్చుటయు, సంఘము పంచిన భూములను మరల గుంజుకొనుటయు సైన్యపు నీడన జరిగినవి. 1949లో జాగీర్లు రద్దయ్యెను, 1950లో కౌలుదారీ చట్టము వచ్చెను. ఈ సంస్కరణలు పోరాటపు ఒత్తిడివలననే అంత త్వరగా వచ్చెనని మా నమ్మకము. చట్టము పైనుండి వచ్చుచుండగా ఆ చట్టమును ముందుగా కోరినవాని యింటిమీదికి క్రిందనుండి బూటుకాలు వచ్చుచుండెను. సుందరయ్యగారి లెక్క ప్రకారము కమ్యూనిస్టులు, రైతుయోధులు కలసి 4,000 మంది చంపబడిరి. 10,000 మందికి పైగా మూడునాలుగేండ్లు నిర్బంధమున నుండిరి. శిబిరములకీడ్చి కొట్టబడినవారు 50,000కు తగ్గరు. లెక్క ఉద్యమపక్షముది. ఎంత తగ్గించి చూచినను చిన్నది కాదు.

గోదావరి తీరపు అడవులలో కోయలకు జరిగినది మరియొక రకము. గూడెములు తగులబెట్టి, జనమును రోడ్లప్రక్క శిబిరములలోనికి తోలిరి. అడవితో సంబంధము తెగిన కోయకు తిండియు లేదు, మందును లేదు. శిబిరములందు రోగములు ప్రబలెను. అదే కాలమున మలయాలో ఆంగ్లప్రభుత్వము నాలుగైదు లక్షలమందిని ముండ్లకంచెల నడుమ కొత్త ఊళ్లలోనికి తరలించుచుండెను. ఆంగ్లేయులను సాగనంపి ఎంతో కాలము కాలేదు. వారి పాఠము మాత్రము మనతోనే యుండిపోయినదా యనిపించును.

సరిహద్దునకు ఇవతల, చెన్నరాష్ట్రములో చేరియున్న కృష్ణాజిల్లాలో, తెలంగాణ దళములకు అండనిచ్చిన కమ్యూనిస్టుల కొరకు మలబారు స్పెషల్ పోలీసును దించిరి. పేరునకు పోలీసే గాని దాని తీరంతయు పటాలపు తీరే. 1949లో కాటూరు, ఎలమర్రు గ్రామముల మగవారినందరిని ఇండ్లలోనుండి లాగి, బట్టలూడదీసి, గాంధీవిగ్రహము చుట్టు త్రిప్పిరి. తల్లులు, అక్కలు, భార్యలు చూచుచుండగా ఆ పని చేయించిరి. గాంధీమహాత్ముడు మరణించి అప్పటికి ఏడాదిన్నర. బైరాన్‌పల్లిలో బతుకమ్మ, ఇచ్చట గాంధీవిగ్రహము. ఒకచోట నిజాము, ఒకచోట కాంగ్రెసు మంత్రివర్గము. ఒకరి వద్ద ఒకరు నేర్చుకొన్నవారు కారు. ఊరికి ఏది పవిత్రమో దాని ముందరనే ఊరి మానము తీయవలెనన్న ఆలోచన ఇరువురకును తట్టినది.

బైరాన్‌పల్లిలో స్తూపమున్నది, ఏటేట సెప్టెంబరులో నాయకులు దాని పేరు తలచెదరు. కాటూరు, ఎలమర్రుల పేర్లు తెలిసిన విద్యావంతులను మీ యింట లెక్కించి చూడుడు. మొదటిదానిని చేసినవాడు పరాయి ప్రభువని మనకు తోచినది గనుక నోరార చెప్పుకొంటిమి. రెండవదానిని చేయించినవారు మనము వోటు వేసినవారు.

దళములు మాత్రము చేతులు కట్టుకొని యుండెనా యని అడుగువారు కలరు. ఉండలేదు. భూస్వాములను, వారి మనుష్యులను, సమాచారమందించిరన్న అనుమానముతో సామాన్యులను సయితము దళములు చంపినవి. అందు తప్పులు జరిగెననుట నిజము. దానిని మరుగుపరచి వ్రాసిన చరిత్రయు సగము చరిత్రయే. అయినను కొడుకు చేసిన నేరమునకు తల్లి వీపు చీల్చవలెనని ఏ శిక్షాస్మృతిలోను లేదు. ఆ స్మృతిని చేతబట్టుకొని వచ్చినది ప్రభుత్వపక్షమే.

న్యాయస్థానముల మాట వచ్చినది గనుక ఒక్క సంగతి. ప్రత్యేక న్యాయస్థానములు తెలంగాణ రైతులు పన్నెండుగురకు ఉరి విధించెను. వారి పక్షమున వాదించుటకు ఆంగ్లదేశమునుండి ప్రిట్ అను ప్రసిద్ధ న్యాయవాది వచ్చెను. హైకోర్టు తీర్పు 1950 జనవరి 26కు పూర్వము వెలువడినది గనుక దానిపై అప్పీలు వినుటకు తనకు అధికారము లేదని సుప్రీముకోర్టు తీర్మానించెను. ఉరి మాత్రము ఆందోళనఫలముగా తప్పినది. వారికి ఒక ఫైలుండెను, ఒక తేదీ యుండెను, ఒక వకీలుండెను. గాదె పగిలినదానికి, చీర లాగబడినదానికి ఏ న్యాయస్థానమున ఏ నంబరు వేసిరి?

ఆ నంబరు వేయుపని చాలకాలమునకు కొందరు స్త్రీలు చేపట్టిరి. స్త్రీశక్తి సంఘటన అను హైదరాబాదు బృందమువారు పోరాటమున పాల్గొన్న స్త్రీల యిండ్లకు పోయి వారి నోటిమాటలు టేపుకెక్కించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అను పేర ప్రకటించిరి. అందు మల్లు స్వరాజ్యముగారి వంటి ప్రసిద్ధులున్నారు, ప్రసిద్ధి లేనివారును ఉన్నారు. ఒక తల్లి అడవిలో దళముతో నుండగా బిడ్డను కనినది. చుట్టును సైన్యము. బిడ్డ ఏడ్చినచో అందరి జాడ తెలియును. ఎవరికైన ఇచ్చివేయుమని దళమువారు చెప్పిరి. ఆమె ఇచ్చివేసినది. ముప్పదియేండ్లు దాటిన పిదప, తనను ప్రశ్నింపవచ్చిన చదువుకొన్న అమ్మాయిల యెదుట కూర్చుండి, యుద్ధమును గూర్చి వారడిగినదానికంటె ఆ బిడ్డను గూర్చియే ఆమె ఎక్కువగా చెప్పినది.