తుపాకి నుండి కెమేరాకు

ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడుగా నుండిన థామస్ జెర్డన్ 1848లో తూర్పు కనుమల ప్రాంతపు పక్షి నొకదానిని శాస్త్రలోకమునకు తెలియజేసెను. అదియే కలివికోడి. 1900లో అనంతపురము ప్రాంతమున కానవచ్చిన పిదప చిరకాలము అది శాస్త్రజ్ఞుల కంట పడలేదు. అంతరించినదనియే పలువు రెంచిరి. 1986 జనవరిలో కడప జిల్లా ముళ్లపొదల నడుమ మరల దొరకినది. కాని ఆ సంతోషము వెంట విచారమును కలిగినది: పట్టుబడిన ఆ పక్షి బ్రతుకలేదు.

రాత్రివేళ మాత్రమే సంచరించుచు, అలికిడికే దాగు పక్షిని హాని కలిగింపకుండ తెలిసికొనుట యెట్లు? ఈ ప్రశ్నకు కెమేరా ఇచ్చిన సమాధానమునకు నూఱేండ్లకు మించిన చరిత్ర కలదు.

పూర్వము పక్షిశాస్త్రజ్ఞుని ముఖ్యసాధనము తుపాకి. చంపి భద్రపఱచిన పక్షి వలన రంగులు, కొలతలు తెలియును గాని, అది యెట్లు ఎగురునో, పిల్లల నెట్లు సాకునో తెలియదు. 1882లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎటియెన్ జూల్ మరే తుపాకి ఆకారముననే ఒక కెమేరాను నిర్మించెను. గురిచూచి మీట నొక్కినచో సెకనుకు 12 చిత్రములు పడెడివి. ఱెక్కలు లేచి వాలు తీరు వానిలో వరుసగా కానవచ్చెను. పక్షి మాత్రము క్షేమముగా ఎగిరిపోయెను.

ఇంగ్లండులో కేర్టన్ సోదరులు పక్షిగూళ్లను చిత్రించుటకై ఎద్దుతోలుతో బొమ్మ చేసి, దాని కడుపులో గంటల తరబడి కదలక కూర్చుండిరి. 1895లో వెలువడిన వారి గ్రంథమును ఛాయాచిత్రములే అలంకరించినవి.

చిత్రములు పెరిగినకొలది వానిని పరిశీలించుట మనుష్యునకు భారమైనది. అప్పుడు కంప్యూటరు తోడ్పడెను. రోము నగరపు ఆకాశమున వేలకొలదిగా తిరుగు స్టార్లింగు పక్షులను ఇటలీ శాస్త్రజ్ఞులు ఏకకాలమున పలు కెమేరాలతో చిత్రించి, కంప్యూటరు సాయమున ఒక్కొక్కదాని స్థానమును గణించిరి. ప్రతి పక్షియు తన సమీపమున నున్న ఆరేడు పక్షులను మాత్రమే అనుసరించునని 2008లో ప్రకటించిరి. దక్షిణాఫ్రికాలో ఉమ్మడి గూళ్లు కట్టు ఒకజాతి పిచ్చుకలను వీపుమీది ఈకల తీరునుబట్టి ఒక్కొక్కదానిని వేఱుగా గుర్తించుట కంప్యూటరునకు నేర్పిరి. నూటికి 90కి పైగా చిత్రములను అది సరిగా గుర్తించెనని 2020లో వెల్లడియైనది. అయినను పక్షి పాత ఈకలు రాల్చి క్రొత్తవి తొడిగినచో యంత్రము పొరబడవచ్చును.

ఇక మన కలివికోడి మాట. పొదల నడుమ మెత్తని మట్టిపట్టీలు పఱచి పాదముద్రలు చూచుట, పక్షి యెదుటికి రాగానే తనంతట పనిచేయు కెమేరాలను అమర్చుట అను రెండు పద్ధతులను పరిశోధకులు అవలంబించిరి. ఆ ఫలితములు 2002లో ప్రచురింపబడినవి. ఎవ్వరును పట్టకయే, ఆ పక్షి ఉనికికి సాక్ష్యము దొరకినది. అటువంటి సాక్ష్యమునకు విలువ కలదు. ఈ పక్షి నివాసమును కాపాడుటకై పిమ్మట తెలుగుగంగ కాలువ మార్గమునే మార్చవలసి వచ్చినది.

అయినను ఒక్క మాట మఱువరాదు. ఏ పొదచెంత కెమేరా నుంచవలెనో కెమేరాయే చెప్పజాలదు. ఆ త్రోవల తిరిగిన పల్లెవాడే చెప్పవలెను. శాస్త్రలోకము అంతరించినదని భావించిన కాలమునను, 'కలివికోడి' యను పేరును నిలుపుకొన్నవారు వారే గదా!