వంత నుండి ఆటగాని వరకు: కథనంలో ప్రశ్న స్థానం

తెలుగు, ఒడియా రెండూ వినిపించే కంచిలి పరిసరాల్లో కథ చెప్పడం ఒక్కరి పని కాదు. ఉత్తరాంధ్ర జముకుల కథలో ప్రధాన కథకునికి జముకు వాయించేవారు, వంత పాడేవారు తోడుంటారు. వంత వేసే ప్రశ్న శ్రోత తరఫున వేసినదే. అయితే శ్రోత తానుగా కథను మలుపు తిప్పలేడు.

ఈ పరిమితిని దాటిన కథనరూపాల్లో కంప్యూటర్ పాత్రధారణ క్రీడ ఒకటి. 1974లో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే బల్లమీది ఆట దీనికి మూలం. 1995లో అమెరికాలో జెఫ్ వోగెల్ తన చిన్న సంస్థ స్పైడర్‌వెబ్ సాఫ్ట్‌వేర్ ద్వారా 'ఎక్సైల్: ఎస్కేప్ ఫ్రమ్ ది పిట్'ను విడుదల చేశాడు. సామ్రాజ్యంలో ఇమడని మనుషులను భూగర్భ గుహల్లోకి తోసివేయడం ఇందలి ఇతివృత్తం. ఎదురైనవారి పేరు, వృత్తి అడిగి, జవాబులోని మాటను పట్టుకొని మరో ప్రశ్న వేస్తూ ఆటగాడు కథను రాబట్టాలి. బొమ్మలు స్వల్పం, వర్ణన అక్షరాల్లోనే. చిత్రకారుల బృందాన్ని పోషించలేని సంస్థకు మాటే సాధనం. రంగాలంకరణ లేక గొంతు, వాద్యాలపై నిలిచే జముకుల కథదీ ఇదే పొదుపు.

పోలిక ఇక్కడితో ఆగాలి. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను శ్రీకాకుళ ఉద్యమ ప్రచారానికి మలచి, 1969లో ప్రాణం కోల్పోయాడు. ఆటలో మరణించిన పాత్రను, భద్రపరచుకొన్న దశ నుండి మళ్లీ నడిపించవచ్చు. కనుక ఆటగాని స్వేచ్ఛను వంత ప్రశ్నకు కొనసాగింపుగా గుర్తించవచ్చు గాని, కథకుడు చెల్లించిన మూల్యంతో సమానంగా లెక్కించరాదు.