అరకు కొండల్లో పసుపు: సాగు, వాడకం, చరిత్ర

పసుపు అల్లం కుటుంబానికి చెందిన బహువార్షిక ఓషధి. లిన్నేయస్ 1753లో దీన్ని కుర్కుమా లాంగా పేరుతో నమోదు చేశాడు. తెల్లటి, లేతాకుపచ్చ పొరల మధ్య లేత పసుపు పూలు పూస్తాయి గాని మామూలుగా గింజ కట్టవు. క్రోమోజోములు జంటలుగా కాక మూడేసి చొప్పున ఉండటమే ఇందుకు కారణం. దుంప ముక్క నాటితేనే మరో మొక్క వస్తుంది. కాబట్టి పొలంలో ఉన్న ప్రతి పసుపు మొక్కా ఎవరో ఒకరు దాచి ఉంచిన విత్తన దుంప నుంచి పుట్టిందే. దుంపను ఎన్నాళ్లు నేలలో ఉంచాలి, ఎంత విత్తనానికి తీసిపెట్టాలి అన్న రైతు నిర్ణయాలే ఈ పంట చరిత్రను నడిపించాయి. తూర్పు కనుమల్లో అరకు, పాడేరు, హుకుంపేట, జి.మాడుగుల, చింతపల్లి ప్రాంతాల గిరిజన రైతులు తీసుకున్న నిర్ణయం మైదానానికి భిన్నమైనది. దుగ్గిరాల వైపు తొమ్మిది నెలలకే తవ్వే పంటను వీరు రెండేళ్ల పంటగా పెంచుతూ వచ్చారు. దీన్ని వెనకబాటుగా లెక్కగట్టడం అలవాటైపోయింది. నేలనూ ఖర్చునూ దగ్గరగా చూస్తే ఇది ఆలోచించి చేసిన ఏర్పాటని తెలుస్తుంది.

అరకు లోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. తొలకరికి నాటిన దుంప వానల్లో ఆకు వేసి, చలి ముదిరేసరికి ఆకు ఎండి నిద్రలోకి జారుకుంటుంది. తవ్వకుండా వదిలేస్తే మళ్లీ వానలకు అదే తల్లి దుంప చుట్టూ కొత్త మొలకలు లేచి, పిల్ల కొమ్ములు పెరిగి గుబురవుతుంది. మొక్కకున్న బహువార్షిక గుణాన్ని వాడుకోవడమంటే ఇదే. ఎకరాకు విత్తన దుంపలే ఎనిమిది నుంచి పది క్వింటాళ్లు కావాలి. సాగు ఖర్చులో పెద్ద భాగం అదే. రెండేళ్లకొకసారి నాటితే ఆ ఖర్చు సగమవుతుంది. ఏటవాలు నేలను ఏటా తవ్వితే పైమట్టి వానకు కొట్టుకుపోతుంది. ఆ నష్టమూ తగ్గుతుంది. రెండు మడులు వంతులవారీగా నడిపితే ఏటా ఒక మడి చేతికొస్తుంది. అవసరం పడేదాకా దుంప నేలలోనే భద్రంగా ఉంటుంది. గిరిజనులు అప్పుల వల్ల భూములు పోగొట్టుకుంటున్నారని 1917లో ఏజెన్సీ ప్రాంతాలకు వడ్డీ, భూబదలాయింపు చట్టం తేవలసి వచ్చింది. అలాంటి చోట కొత్త అప్పు లేకుండా నిలిచే పంటకు ఉన్న విలువను ఒక్క దిగుబడితోనే కొలవలేం.

ఈ రెండేళ్ల సాగుకు బలమైన అభ్యంతరమే ఉంది. రాష్ట్ర సరిహద్దుకు అవతల, కోరాపుట్ జిల్లా పొట్టంగి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన రోమా రకం సుమారు ఎనిమిది నెలల్లోనే తయారవుతుంది. నేలను రెండేళ్లు కట్టిపడేయడం ఎందుకన్నది ప్రశ్న. నీరు నిలిచే చోట ఎక్కువ కాలం ఉంచిన దుంపకు కుళ్లు సోకే ప్రమాదమూ నిజమే. మంచి నేల, ఎరువు, ఏటా కొత్తగా నాటే స్తోమత ఉన్న రైతుకు రోమా మేలైన ఎంపిక. కానీ ఆ స్తోమత అందరికీ లేదు. నీరు జారిపోయే వాలు నేలల్లో కుళ్లు బెడద కూడా తక్కువ. పైగా గింజ కట్టని పంటలో కొత్త రకానికి మూలం ఎక్కువగా పాత దుంపల నుంచి ఏరిన మేలైన మొక్కే. స్థానిక రకాలు పోతే రేపటి ఎంపికకు ఆధారమూ పోతుంది. అందుకే కొత్త రకంతో పాటు పాత రకమూ పొలంలో నిలవాలి.

వాడకం విషయంలోనూ ఇలాంటి వాదమే సాగింది. దెబ్బకు పసుపు అద్దడం, బెణికిన చోట పసుపూ సున్నం కలిపి పట్టు వేయడం తెలుగు ఇళ్లన్నిటా ఉన్నదే. పుండ్లు మానడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు ఇచ్చారు. భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత సంస్కృత గ్రంథాలనూ 1953 నాటి వైద్య పత్రికా వ్యాసాన్నీ చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. అక్కడ గెలిపించింది రాతలో ఉన్న సాక్ష్యం. నోటిమాటగానే సాగే కొండల అనుభవానికి ఆ రక్షణ లేదు. ఇక పసుపులో ఉండే కర్కుమిన్ అనే పదార్థం ఒంటికి సరిగా పట్టదని, నిలకడ లేనిదని 2017లో ఒక రసాయన శాస్త్ర సమీక్ష గట్టిగానే చెప్పింది. ఆ మాటను గౌరవించాలి; పసుపు సర్వరోగ నివారిణి అన్న ప్రచారాన్ని మానుకోవాలి. అయితే ఆ విమర్శ ప్రధానంగా కర్కుమిన్‌ను మందుబిళ్లగా మార్చే ప్రయత్నాల గురించినది. పైపూతగా, వంటలో రోజూ పడే చిటికెడుగా పసుపుకున్న స్థానం దానితో చెరిగిపోదు.

కొండ పసుపుకు అసలు నష్టం తవ్విన తర్వాత జరుగుతోంది. దుంపలను నురుగు పొంగి, పుల్ల గుచ్చితే సులువుగా దిగేదాకా ఉడికించి, పది పదిహేను రోజులు శుభ్రమైన చోట ఎండబెట్టి, మెరుగు పెట్టాలి. ఉడుకు తగ్గినా, మట్టి నేలపై ఆరబోసినా రంగు చెడుతుంది. సంతలో ధర పడిపోతుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వంటివి కొనుగోలుతో పాటు ఆవిరి బాయిలర్లు, ఆరబోతకు గచ్చు కళ్లాలు ఊరి దగ్గరికి చేర్చితే, రెండేళ్ల ఓపికకు తగ్గ ధర రైతుకే దక్కుతుంది. మార్చవలసింది ముందుగా ఈ దశను. దుంపను నేలలో ఎన్నాళ్లుంచాలో తేల్చుకునే హక్కు దాన్ని తరతరాలుగా కాపాడిన రైతుదే.