కొండపల్లి దాకా వచ్చి ఆగిన చరిత్ర

ఇటలీకి దక్షిణాన లుకానియా అనే కొండ ప్రాంతం ఉంది. ఇప్పుడు దాని అధికారిక పేరు బాసిలికాటా. సముద్రం ఒడ్డున గ్రీకులు పట్నాలు కట్టారు. తర్వాత రోమన్లు, బైజాంటైన్లు, నార్మన్లు, స్పెయిన్ వాళ్లు... చదువుతూ పోతే పాలకుల జాబితా ఎంతకీ తెగదు. 1935లో ముస్సోలినీ ప్రభుత్వం కార్లో లెవీ అనే డాక్టర్‌ని, చిత్రకారుణ్ణి, ఆ కొండల్లోకి ప్రవాస శిక్ష మీద పంపింది. ఆయన పుస్తకం ‘క్రైస్ట్ స్టాప్డ్ ఎట్ ఎబోలి’ 1945లో వచ్చింది. రోడ్డూ రైలూ సముద్ర తీరాన్ని వదిలి లోపలికి మళ్లే చోటు ఎబోలి. క్రీస్తు అక్కడిదాకా వచ్చి ఆగిపోయాడు, మా వరకూ రాలేదు అని ఆ కొండల్లో రైతుల భావన. వాళ్ల లెక్కలో రాజులు ఎంతమంది మారినా మలేరియా మాత్రం పోలేదు.

ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ నాకు మా అమ్మమ్మ వాళ్ల ఊరే గుర్తొచ్చింది.

అది ఎ.కొండూరు మండలంలో ఒక చిన్న ఊరు. విజయవాడలో తిరువూరు బస్సెక్కితే ఇబ్రహీంపట్నం, కొండపల్లి, మైలవరం దాటాక వస్తుంది. టికెట్ తీసుకునేటప్పుడు ‘ఎ’ అని నొక్కి చెప్పాలి, లేకపోతే దారిలోనే ఉన్న జి.కొండూరుకి కొట్టేస్తారు. ఎ అంటే అట్లప్రగడ. రైలు ఇప్పటికీ లేదు.

కృష్ణా జిల్లా చరిత్ర అడిగితే నేను గడగడా చెప్పగలను. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి శాసనాలు దొరికాయి. 1882లో బర్జెస్ అక్కడ తవ్వకాలు జరిపాడు. కొండపల్లి కోట 14వ శతాబ్దంలో రెడ్డిరాజులది. తర్వాత గజపతులది, కృష్ణదేవరాయలది. 1531లో గోల్కొండ సుల్తాను చేతికొచ్చింది. 1687లో గోల్కొండే పడిపోయాక మొగలాయిలది. 1766లో ఇంగ్లీషు కంపెనీది. ఈ తేదీలన్నీ పరీక్షల కోసం బట్టీ పట్టినవే. వీటిలో మా అమ్మమ్మ వాళ్ల ఊరు ఒక్కసారి కూడా రాదు. చరిత్ర కొండపల్లి దాకా వచ్చి ఆగినట్టే.

అలాగని ఆ ఊళ్లకి చరిత్ర లేదని కాదు. అక్కడ దాన్ని రెండు విషయాలతో కొలవాలి. ఒకటి సరిహద్దు, రెండోది నీళ్లు.

1766 నవంబరులో నిజాం అలీ ఖాన్‌తో కుదిరిన ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీ పాలనలో స్థిరపడ్డాయి. తిరువూరు వైపు కంపెనీది, దాని అవతల మధిర, ఖమ్మం వైపు నిజాముది. దాదాపు రెండు వందల ఏళ్లు ఆ గీత అలాగే ఉంది. అమ్మమ్మ తన జన్మలో తెలంగాణ అన్న మాట వాడలేదు. ‘నైజాం’ అనేది, అంతే. 1947-48లో రజాకార్ల భయానికి అవతలి జనం బళ్లు కట్టుకుని ఇవతలి ఊళ్లకి వచ్చారు. తెలంగాణ పోరాటం నడిపిన కమ్యూనిస్టుల శిబిరాలు కూడా ఈ సరిహద్దు పొడుగునా ఉండేవి. అప్పటికి అమ్మమ్మ చిన్నపిల్ల. వాళ్ల గొడ్ల సావిట్లో రెండు కుటుంబాలు కొన్ని నెలలు తలదాచుకున్నాయని చెప్పేది. 1956లో ఆ గీత చెరిగిపోయింది. 2014లో మళ్లీ గీశారు. టీవీ చూస్తూ అమ్మమ్మ అడిగింది, “అయితే మధిర మళ్లీ నైజాం అయిపోయిందా?” అని. మేమంతా నవ్వాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో నవ్వడానికి ఏమీ లేదు.

ఇక నీళ్లు. 1832-33 నాటి ఘోరమైన కరువు తర్వాత కొన్నేళ్లకి, 1852లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట మొదలుపెట్టారు. 1855కి పూర్తయింది. దాంతో డెల్టా పచ్చబడింది. వరి, డబ్బు, కాలేజీలు, పత్రికలు, సినిమా హాళ్లు అన్నీ ఆ కాలవల వెంబడే వచ్చాయి. మనం కృష్ణా జిల్లా సంస్కృతి అంటున్నది చాలావరకు ఆ నీళ్లు పారినంత మేర సంస్కృతే. పల్లానికి పారే నీళ్లు మెట్టకి ఎక్కవు కదా. తిరువూరు, ఎ.కొండూరు, విస్సన్నపేట అదే జిల్లాలో ఉండి కూడా వాన కోసం ఆకాశంకేసి చూస్తూ ఉండిపోయాయి.

నాగార్జునసాగర్‌కి 1955లో శంకుస్థాపన, 1967లో కాలవలకి నీళ్లు. ఎడమ కాలవ నల్లగొండ, ఖమ్మం జిల్లాల పొలాలన్నీ తడిపి చిట్టచివర ఈ వైపుకి వస్తుంది. చివరి భూమి అంటే ఏమిటో రైతుకి తెలుసు. పైవాళ్లు తాగగా మిగిలితేనే మన వంతు. 2014 తర్వాత ఆ పైవాళ్లు వేరే రాష్ట్రం వాళ్లు. నీళ్ల కథలోకి సరిహద్దు మళ్లీ వచ్చి చేరింది.

కాలవ రాని చోట దిక్కు బోరే. ఈ మండలంలో లంబాడా తండాలు ఎక్కువ. ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కనంతా తిరిగిన వాళ్లు లంబాడాలు. రోడ్లూ రైళ్లూ ఆ వ్యాపారాన్ని మింగేశాక ఎక్కడికక్కడ స్థిరపడ్డారు. ఈ తండాల్లో ఏళ్లుగా కిడ్నీ జబ్బు. ఉద్దానం పేరు అందరూ విన్నారు, ఎ.కొండూరు పేరు అంతగా వినలేదు. జనం అనుమానమంతా బోరు నీళ్ల మీదే. కృష్ణా నీళ్లు పైపుల్లో తెచ్చే పథకం చేపట్టారు. ఆనకట్ట కట్టిన నూట అరవై ఏళ్లకి పైగా గడిచాక, తాగడానికి మాత్రమే.

పోయిన వేసవిలో మామయ్యతో కలిసి ఒక తండాకి వెళ్లాను. అరుగు మీద కూచున్న పెద్దావిడ చెంబు అందించింది. నేను ఒక్క క్షణం తటపటాయించాను. ఆవిడ గమనించింది. “తాగమ్మా, టిన్ను నీళ్లే, బోరువి కాదులే,” అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఇంట్లో టిన్ను నీళ్లు కొనేది ఇద్దరి కోసమే, జబ్బు మనిషి కోసం, చుట్టం కోసం. మిగతావాళ్లు బోరు నీళ్లే తాగుతారు.

లెవీ పుస్తకం వచ్చాక లుకానియా గురించి ఇటలీలో చాలా చర్చ జరిగింది. మతేరా గుహల్లో బతుకుతున్న వేలమందిని కొత్త ఇళ్లకి తరలించడానికి 1952లో చట్టం చేశారు. యుద్ధం తర్వాత కొన్నేళ్లకే మలేరియా కూడా పోయింది. అదంతా ఒక్క పుస్తకం చలవ అనను, కానీ దాని పాత్ర ఉంది.

నేను లెవీని కాను. ఒక నోట్‌బుక్ మాత్రం కొన్నాను. ఏ బోరు ఏ సంవత్సరం వేశారు, ఎన్ని అడుగులకి నీళ్లు పడ్డాయి, ఏ బోరు ఎప్పుడు ఎండింది, పైపు నీళ్లు ఏ వీధికి ఏ రోజు వచ్చాయి... మామయ్యని అడిగి ఒక్కొక్కటే రాసుకుంటున్నాను. కొండపల్లి రాజుల తేదీలు ఎలాగూ పుస్తకాల్లో ఉన్నాయి. ఈ తేదీలు ఇంతవరకూ ఎక్కడా లేవు.