అణువులకు అచ్చు: ముద్రిత పాలిమరుల చరిత్ర

కంచు విగ్రహమును పోతపోయు శిల్పి మొదట మైనముతో ప్రతిమను చేసి, దానిచుట్టు మట్టి పూసి, పిదప మైనమును కరగించి వెడలించును. మైనము పోయినను దాని ఆకారము మట్టిలో మిగులును. అణువులకును ఇట్టి అచ్చు తీయవచ్చునని రసాయన శాస్త్రజ్ఞులు గ్రహించిన చరిత్ర విచిత్రమైనది. ఏలయన, అందొక ముఖ్యఘట్టమునకు ప్రేరణమైనది, తరువాత పొరపాటని తేలిన సిద్ధాంతము.

1931లో సోవియట్ శాస్త్రజ్ఞుడు పొల్యకోవ్ ఒక విశేషమును ప్రకటించెను. బెంజీను, టోలుయీను మున్నగువాని సమక్షమున ఆరబెట్టిన సిలికా జెల్, ఏ పదార్థముతో ఆరబెట్టబడెనో దానినే అధికముగా పీల్చుకొనుచుండెను.

1940లో అమెరికాయందు లైనస్ పౌలింగ్, శరీరమున ప్రతిరక్షకములు పుట్టు విధమును ఊహించెను. దేహమున ప్రవేశించిన పరాయి పదార్థమే అచ్చుగా నిలువగా, దానిచుట్టు ప్రోటీను ముడుచుకొని తగిన రూపము పొందునని ఆయన భావము. ఆయన శిష్యుడు ఫ్రాంక్ డికీ 1949లో ఈ భావమును సిలికాపై పరీక్షించెను. మిథైల్ ఆరెంజి అను రంగు సమక్షమున జెల్ తయారుచేసి, పిదప రంగును కడిగివేసెను. ఆ జెల్, దగ్గరి పోలికగల ఇతర రంగులకంటె మిథైల్ ఆరెంజినే ఎక్కువగా పట్టుకొనెను.

అయితే 1957లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బర్నెట్ వేరొక సిద్ధాంతము ప్రతిపాదించెను. ప్రతిరక్షకములు అచ్చును బట్టి మలచబడవు. ముందే యున్న బహువిధ కణములలో తగినదే వృద్ధిపొందును. తరువాతి పరిశోధనలు దీనినే బలపరచెను. దేహమున నిజము కాని అచ్చు, ప్రయోగశాలలో మాత్రము నిజమై నిలిచెను.

1972లో జర్మనీయందు వుల్ఫ్, సర్హాన్ అనువారు సిలికాకు బదులు సేంద్రియ పాలిమరును గైకొనిరి. గ్లిసరిక్ ఆమ్లమునకు కుడిఎడమ చేతులవంటి రెండు ప్రతిబింబ రూపములు కలవు. వారు ఒక రూపమును రసాయన బంధములతో కట్టి, చుట్టును పాలిమరును గట్టిపరచి, ఆమ్లమును తొలగించిరి. మిగిలిన కుహరములు ఆ రూపమునే అధికముగా గ్రహించెను. ఔషధములయందు ఒక రూపము మేలుచేయగా, రెండవది నిష్ఫలమో హానికరమో కావచ్చును గనుక ఈ వేర్పాటు మిక్కిలి విలువైనది.

స్వీడనునందలి లుండ్‌లో మోస్‌బాక్ బృందము గట్టి బంధములకు మారుగా హైడ్రోజన్ బంధములవంటి బలహీనాకర్షణలనే వాడి పద్ధతిని సులభము చేసెను. 1993లో వారి పాలిమరు, ఉబ్బసపు మందగు థియోఫిలిన్‌ను కెఫీన్ నుండి చక్కగా గుర్తించెను. ఈ రెంటికిని భేదము ఒక్క మిథైల్ సమూహమే.

లోపములును లేకపోలేదు. కుహరములన్నియు ఒక్క తీరున నుండవు. అచ్చుపదార్థము కొంత లోపలనే చిక్కి, తరువాత మెల్లగా వెలువడి కొలతలను చెరచును. అయినను, జంతువులతో పనిలేక తయారై, వేడికిని ద్రావకములకును ఓర్చు ఈ పాలిమరులు నీటినుండి, రక్తమునుండి, ఆహారమునుండి స్వల్పమాత్ర పదార్థములను వేరుచేయుటకు నేడు ఉపకరించుచున్నవి.