తొమ్మిది మార్కులిచ్చిన నేరం

2013 సెప్టెంబరులో ఒక సమీక్షకురాలు ఒక వీడియో గేమ్‌కి పదికి తొమ్మిది మార్కులు వేసింది. అందుకు ఆమెను ఉద్యోగంలోంచి తీసేయాలని పాఠకులు పిటిషన్ పెట్టి సంతకాలు సేకరించారు. తొమ్మిదంటే తక్కువ మార్కులేమీ కావు. వాళ్ళ కోపం ఆ తొమ్మిది కింద ఆమె రాసిన సమీక్షలోని కొన్ని వాక్యాల మీద. ఆ వాక్యాలు స్త్రీల గురించినవి.

ఆమె పేరు కారొలిన్ పెటిట్. అప్పట్లో గేమ్‌స్పాట్ అనే అమెరికన్ సంస్థలో పనిచేసేది. ఆట పేరు 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5'. లాస్ ఏంజెలెస్‌ని పోలిన లాస్ శాంటోస్ అనే నగరం, అందులో నేరాలతో బతికే ముగ్గురు మగవాళ్ళు. ఆడేవాళ్ళు ఈ ముగ్గురిలో ఎవరిలోకైనా మారుతూ కథ నడిపించవచ్చు. ఆ కథని ఒక స్త్రీగా నడిపించే వీలు మాత్రం లేదు. పెటిట్ ఆ నగరాన్ని మెచ్చుకుంది, దోపిడీలను అల్లిన తీరును మెచ్చుకుంది. ఆ తర్వాత ఈ ఆటలో ఆడవాళ్ళకి దక్కిన చోటేమిటని అడిగింది. బట్టలు విప్పి ఆడేవాళ్ళు, వేశ్యలు, మొగుళ్ళతో వేగలేక సతమతమయ్యే భార్యలు, అవమానాలు పడే ప్రియురాళ్ళు, నవ్వుకోవడానికి పెట్టిన స్త్రీవాదులు. వ్యంగ్యం పేరుతో ఆట తాను వెక్కిరిస్తున్నాననుకుంటున్న స్త్రీద్వేషాన్నే మళ్ళీ మళ్ళీ వినిపిస్తోందని రాసింది. ఇదంతా ఆట లోపాల్లో ఒకటిగా చూపించి, అయినా తొమ్మిదే వేసింది.

ఆ సమీక్ష కింద 20,000కు పైగా వ్యాఖ్యలు వచ్చాయి. ఆమె ట్రాన్స్ మహిళ కావడంతో బూతుల్లో చాలా భాగం ఆమె శరీరం చుట్టూ తిరిగింది. ఆటకి మాత్రం ఈ తొమ్మిది వల్ల వచ్చిన నష్టం ఏమీ లేదు. మూడు రోజుల్లో వంద కోట్ల డాలర్ల అమ్మకాలు దాటింది. విమర్శకుల సగటు నూటికి 97.

సాహిత్య విమర్శ చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఈ ఉదంతంలో ఆట కంటే సమీక్ష మీదే ఆసక్తి. మన నవలలకీ కథలకీ ఎవరూ నూటికి ఇన్ని అని వేయరు. సినిమాలకి మాత్రం వేస్తారు. అయిదుకి రెండున్నరా, రెండుముప్పావా అన్న తేడా మీద అభిమానులు కొట్టుకుంటుంటే మనం నవ్వుకుంటాం. వీడియో గేముల లోకంలో అది నవ్వులాట కాదు. అక్కడ అంకె మీద మనుషుల జీతభత్యాలు ఆధారపడ్డాయి, ఆడవాళ్ళ భద్రత ఆధారపడింది. ఆ అంకె విమర్శలోకి ఎలా వచ్చిందో, వచ్చాక విమర్శకురాలి మాటకి ఏం జరిగిందో చూడాలనిపించింది.

మొదట ఒక అపోహ తీసేయాలి. ఈ రంగం మగపిల్లలదనీ, ఆడవాళ్ళు ఆలస్యంగా వచ్చి గోల చేస్తున్నారనీ చాలామంది నమ్ముతారు. వీడియో గేముల కోసమే పుట్టిన తొలి అమెరికన్ పత్రిక 'ఎలక్ట్రానిక్ గేమ్స్'. 1981లో దాన్ని స్థాపించిన ముగ్గురిలో జాయిస్ వర్లీ ఒకరు. అదే ఏడాది మొదలైన మరో పత్రిక 'కంప్యూటర్ గేమింగ్ వరల్డ్'. అందులో పాఠకులు భయంతోనూ భక్తితోనూ చదివిన సమీక్షకురాలు ఉండేది. స్కార్పియా అనే మారుపేరుతో రాసేది. సాహస కథల ఆటలూ, పాత్రధారణ ఆటలూ ఆమె విభాగం. ఆట మొదలు నుంచి చివరిదాకా ఆడి, ఎక్కడ కథ తెగిందో, ఎక్కడ ఆడేవాళ్ళ సమయం వృథా అయిందో ఒక్కొక్కటిగా చెప్పేది. మొహమాటం లేని మనిషి. 'మైట్ అండ్ మ్యాజిక్' వరసలో రెండో ఆటని ఆమె దులిపేస్తే, ఆ తయారీదారులు 1991లో వచ్చిన మూడో ఆటలో స్కార్పియా పేరుతోనే ఒక రాక్షసిని పెట్టారు. చంపడానికి.

దీన్ని సరదాగా తీసుకున్నవాళ్ళే ఎక్కువ. నేనూ కొంతవరకు సరదాగానే తీసుకుంటాను, ఎందుకంటే అందులో ఒక ఒప్పుకోలు ఉంది: ఈమె మాటకి విలువుంది కాబట్టే ఉలిక్కిపడ్డాం అని. కానీ విమర్శకురాలికి జవాబు చెప్పడానికి ఆమెనే లక్ష్యంగా పెట్టి ఆటగాళ్ళ చేతికి కత్తి ఇవ్వడమన్న ఊహ అక్కడే ఉంది, 1991లోనే, నవ్వుతూ.

ఆ రోజుల్లో ఆ పత్రిక మార్కులు వేసేది కాదు. స్కార్పియా ఏమనుకుంటోందో తెలియాలంటే వ్యాసం చదవాల్సిందే. పదమూడేళ్ళు అలా నడిచి 1994లో అయిదు నక్షత్రాల పద్ధతికి వచ్చింది. అప్పటికే మిగతా చోట్ల అంకెలు స్థిరపడిపోయాయి. బ్రిటన్‌లో 1984లో మొదలైన 'క్రాష్' పత్రిక బొమ్మలకి ఇంత, వ్యసనంలా పట్టుకునే గుణానికి ఇంత, డబ్బుకి తగిన విలువకి ఇంత అని శాతాలు వేసేది. జపాన్‌లో 1986లో పుట్టిన 'ఫమిత్సు' నలుగురు సమీక్షకులతో పదేసి మార్కులు వేయించే పద్ధతి పెట్టింది. నలభైకి నలభై మొదటిసారి పడింది 1998లో, ఒక జెల్డా ఆటకి.

ఈ పద్దుల్ని చూస్తుంటే నాకు వాషింగ్ మెషీన్ల పోలిక పత్రాలు గుర్తొస్తాయి. ఆట అప్పటికి కొనుక్కునే యంత్రం, చదివే పాఠం కాదు. కొనేవాడు కుర్రాడు, అతని దగ్గర ఉన్న డబ్బు కొంచెం. అతనికి సలహా చెప్పడమే సమీక్ష పని. ఇందులో తప్పేమీ లేదు. కానీ బొమ్మలకి ఒక గడి, శబ్దానికి ఒక గడి, మన్నికకి ఒక గడి ఉన్న పట్టికలో 'ఈ కథలో స్త్రీలు ఎక్కడ?' అన్న ప్రశ్నకి గడి ఉండదు. గడి లేని ప్రశ్న అడిగితే ఎవరికైనా అది బయటినుంచి తెచ్చిన రాజకీయంలాగే కనిపిస్తుంది.

అమ్మాయిల కోసం చేసిన ఆటలకీ ఈ పట్టికతోనే చిక్కు వచ్చింది. 1996లో వచ్చిన 'బార్బీ ఫ్యాషన్ డిజైనర్' రెండు నెలల్లో 5 లక్షలకు పైగా అమ్ముడైంది. గులాబీరంగు చూసి స్త్రీవాదులూ పెదవి విరిచారు, వాళ్ళ కారణాలు వేరు. బ్రెండా లారెల్ మరో దారి పట్టింది. నాటకశాస్త్రంలో డాక్టరేట్ చేసిన ఈమె పర్పుల్ మూన్ అనే సంస్థతో బడిపిల్లల స్నేహాల గురించీ, అలకల గురించీ ఆటలు చేసింది. గెలుపూ ఓటమీ లేని ఆటని ఏ గడిలో పెట్టి తూచాలో గేమ్ పత్రికలకి తెలియలేదు, చులకన చేశాయి. 1999లో ఆ సంస్థ మూతపడింది. వారపత్రికల్లో స్త్రీల నవలలు రాజ్యమేలిన రోజుల్లో మన విమర్శకులు వాటికి తగిలించిన 'వంటింటి సాహిత్యం' అన్న మాట దగ్గర ఆగి ఆలోచించినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. ఎందరు చదివారన్నది ఒక లెక్క, ఏది సాహిత్యమన్నది ఇంకో లెక్క.

2001లో మెటాక్రిటిక్ వచ్చింది. ఎక్కడెక్కడి సమీక్షల అంకెలనీ పోగుచేసి నూటికి ఒక సగటు చూపించే ఏర్పాటు ఇది. ఏ పత్రిక మాటకి ఎంత బరువిస్తారో బయటికి చెప్పరు. సినిమాకి 61 దగ్గర ఆకుపచ్చ రంగు మొదలైతే, ఆటకి 75 దగ్గర గాని మొదలుకాదు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇంకోటి: మార్కు లేని సినిమా సమీక్షని వాళ్ళే చదివి ఒక అంకె కట్టుకుంటారు. ఆటల విషయంలో అలా కాదు, మార్కు వేయని సమీక్ష సగటులో లెక్కకే రాదు. అంటే, అంకె వద్దు వ్యాసమే చదవండి అనే విమర్శకురాలు ఆ పట్టికలోంచి మాయమైపోతుంది.

ఈ సగటు మీద బోనసులు కట్టిన ఒప్పందాలూ ఉండేవి. 'ఫాల్అవుట్: న్యూ వేగస్' చేసిన ఆబ్సిడియన్ సంస్థకి 85 రావాలని షరతు, వచ్చింది 84. ఒక్క మార్కుతో బోనసు పోయిందని ఆ సంస్థ ముఖ్యుల్లో ఒకరు 2012లో చెప్పాడు. సమీక్షకుల కలానికి ఇంత ధర పలుకుతున్నప్పుడు ఒత్తిడి రాకుండా ఉంటుందా? 2007 నవంబరులో గేమ్‌స్పాట్‌లోనే, 'కేన్ అండ్ లించ్' అనే ఆటకి పదికి ఆరు వేసిన జెఫ్ గెర్‌స్ట్‌మన్ ఉద్యోగం పోయింది. అప్పుడు ఆ ఆట ప్రకటనలు ఆ సైటు నిండా ఉన్నాయి. ప్రచురణ సంస్థ ఒత్తిడి ఉన్నమాట నిజమేనని అతను 2012లో బయటపెట్టాడు. ఆనాడు పాఠకులు అతని పక్షాన నిలబడ్డారు. విమర్శకుడి స్వేచ్ఛ కోసం చందాలు మానేస్తామన్నారు.

ఆరేళ్ళు తిరిగేసరికి అదే సంస్థలో పెటిట్ తొమ్మిది వేస్తే, ఉద్యోగం తీసేయమన్నది పాఠకులే. డబ్బుకి లొంగకుండా తక్కువ వేసినవాడు నిష్పాక్షికుడు. ఎక్కువ వేసి, ఎందుకు పది వేయలేదో ఒక స్త్రీగా చెప్పినామె పక్షపాతి. రెండు సంఘటనలనీ పక్కపక్కన పెట్టి చదివాక 'నిష్పాక్షికత' అన్న మాటని నేను మామూలుగా వాడలేకపోతున్నాను.

మరుసటి ఏడు గేమర్‌గేట్ వచ్చింది. 2014 ఆగస్టులో జోయీ క్విన్ అనే ఆటల రూపకర్త మీద, మంచి సమీక్ష కోసం ఒక పాత్రికేయుడితో సంబంధం పెట్టుకుందన్న నింద పుట్టింది. ఆమె ఆట 'డిప్రెషన్ క్వెస్ట్' మానసిక కుంగుబాటు గురించినది, అక్షరాలతో నడిచేది. ఆ పాత్రికేయుడు ఆ ఆటని అసలు సమీక్షించనే లేదు. రాయని సమీక్ష, వేయని మార్కు! దాని పేరు మీద పత్రికా నీతి ఉద్యమమంటూ నెలల తరబడి ఒక స్త్రీని ఇంట్లో ఉండనివ్వలేదు. ఆటల్లో స్త్రీల చిత్రణ మీద వీడియోలు చేసిన అనీటా సర్కీసియన్, కాల్చి చంపుతామన్న బెదిరింపు మధ్య 2014 అక్టోబరులో యూటా స్టేట్ యూనివర్సిటీలో ఉపన్యాసం రద్దు చేసుకోవాల్సి వచ్చింది. గెర్‌స్ట్‌మన్ ఉదంతంలో నిజంగా ఉన్న డబ్బు ప్రశ్న ఈ ఉద్యమానికి పెద్దగా పట్టలేదు.

ఆ అక్టోబరులోనే ఒక మగ సమీక్షకుడు 'బయోనెట్టా 2'లో నాయిక శరీరాన్ని చూపించిన తీరు వల్ల ఏడున్నరే వేస్తే అతన్నీ వదల్లేదు. కాబట్టి ఇది ఆడ, మగ లెక్క మాత్రమే కాదు. ఎవరు చెప్పినా ఆ కారణం చెప్పకూడదు. అన్నట్టు ఆ నాయిక రూపాన్ని గీసింది మరీ షిమజాకి అనే స్త్రీ, ఆ నాయికలో బలాన్ని చూసిన స్త్రీవాదులూ ఉన్నారు. మనలో మనకి ఆ వాదన ఉండాలి. కానీ ఏడున్నరా తొమ్మిదా అని కొట్టుకునే చోట ఆ వాదనకి చోటేదీ?

2020 జూన్‌లో 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' వచ్చింది. ఇద్దరు స్త్రీలు, ఇద్దరిదీ పగ, ఒకామెది కండలు తిరిగిన శరీరం. విమర్శకుల సగటు 93. మామూలు జనం వేసే పదికి మార్కుల సగటు రోజుల్లోనే నాలుగు కంటే కిందకి పడిపోయింది. అంత పెద్ద ఆటని పూర్తి చేయడానికి వ్యవధి కూడా లేకుండానే వేలమంది సున్నాలు కుమ్మరించారు. ఆ కండల స్త్రీకి గొంతునిచ్చిన లారా బెయిలీకి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. ఆ జులైలో మెటాక్రిటిక్ ఒక నిబంధన పెట్టింది: ఆట విడుదలైన 36 గంటల తర్వాతే జనం మార్కులు వేయాలి. ఆడకుండా తీర్పు చెప్పేవాళ్ళకి ఒకటిన్నర రోజు ఓపిక పట్టడం ఏమంత కష్టం?

కొన్ని పత్రికలు అంకెను వదిలేసి చూశాయి. యూరోగేమర్ 2015లో మానేసి 2023లో నక్షత్రాలతో మళ్ళీ మొదలుపెట్టింది. పాలిగన్ 2018లో మానేసింది. సంఖ్య లేకపోతే జనం చదవరన్న భయం ఒక పక్క, సంఖ్య ఉంటే అదొక్కటే చదువుతారన్న విసుగు ఇంకో పక్క.

2023 జులైలో టొరంటోలోని విసాయ్ గేమ్స్ అనే చిన్న సంస్థ 'వెన్బా' అనే ఆట తెచ్చింది. 1980ల చివర తమిళనాడు నుంచి కెనడా వెళ్ళిన ఒక టీచరమ్మ కథ. తల్లి ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి మరకలు పడి ఉంటుంది. అలికిపోయిన అక్షరాల మధ్య మిగిలింది మనం ఊహించుకుని వండాలి. మొదటి వంట ఇడ్లీ. పాత్రలో రేకులు ఎలా పేర్చాలన్నదే చిక్కుముడి. కొడుకు పెద్దవాడవుతాడు, తల్లి భాషకి దూరమవుతాడు, వంట మాత్రం మిగులుతుంది. సమీక్షకులు ఎక్కువమంది మెచ్చుకున్నారు, 2024లో బాఫ్టా వాళ్ళు తొలి ఆట బహుమతి ఇచ్చారు. గంటన్నరలో అయిపోతుందన్న మాట కూడా సమీక్షల్లో మళ్ళీ మళ్ళీ వినిపించింది. డబ్బుకి తగిన విలువ అన్న ఆ పాత గడిలో గంటల్ని లెక్కపెట్టుకుంటారు. ఆ గంటన్నరలో వెన్బా వంటింట్లో గడిచిపోయేది దాదాపు ముప్పై ఏళ్ళు.