చైనా ఎయిర్‌లైన్స్ 120: నహా విమానాగ్ని ప్రమాదం, దర్యాప్తు

2007 ఆగస్టు 20న జపాన్‌లోని ఒకినావా దీవిలో, నహా విమానాశ్రయంలో జరిగిన అగ్నిప్రమాదం ఇది. తైవాన్‌లోని తావోయువాన్ నుంచి వచ్చిన చైనా ఎయిర్‌లైన్స్ 120వ నంబరు విమానం సాఫీగా దిగి, నిలిచే చోటుకు చేరి, ఇంజిన్లు ఆపేసిన కొద్ది క్షణాలకే కుడి ఇంజిన్ దగ్గర మంటలు లేచాయి. చూస్తూండగానే విమానం పేలి కాలిపోయింది. అందులో ఉన్న 157 మంది ప్రయాణికులు, 8 మంది సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు. రెక్కలోని ఇంధన ట్యాంకుకు పడిన చిన్న చిల్లు, ఆ చిల్లుకు మూలమైన ఒక వాషరు లేకపోవడం దీనికి కారణాలని దర్యాప్తులో తేలింది. ఇంధనం కారడం వల్ల అంటుకున్న మంటలను శోధించే పద్ధతికి ఈ దర్యాప్తు చక్కని ఉదాహరణ.

విమానం బోయింగ్ 737-800 రకం. 2002లో సంస్థ చేతికి వచ్చింది, అంటే ప్రమాదం నాటికి వయసు ఐదేళ్ళే. దీనికి ఉన్నవి సీఎఫ్ఎమ్56 ఇంజిన్లు. ఆ ఇంజిన్లలో ఏ లోపమూ లేదన్న సంగతి మొదటే గుర్తుంచుకోవాలి. మంట కనిపించింది ఇంజిన్ దగ్గరే అయినా, తప్పు పుట్టింది వేరేచోట.

ఆ కొద్ది నిమిషాలు

ఉదయం పదిన్నర ప్రాంతంలో విమానం దిగింది. రన్‌వే విడిచి టాక్సీవే మీద నడుస్తున్నప్పుడు కాక్‌పిట్‌లో ఎలాంటి హెచ్చరికా మోగలేదు. ఆగాక, నేల మీద పనిచేసే సిబ్బంది మంటను చూసి పైలట్లకు చెప్పారు. కెప్టెన్ వెంటనే అందరినీ దింపేయమని ఆదేశించాడు. గాలితో ఉబ్బే జారుడు బల్లలు తెరుచుకున్నాయి. ప్రయాణికులు వాటి మీదుగా జారి పరుగు తీశారు. చివరికి పైలట్లు కాక్‌పిట్ కిటికీ గుండా దిగారు. వారు నేలను తాకుతున్న సమయంలోనే పేలుడు జరిగింది. ఆ దృశ్యం వీడియోలో నమోదై ప్రపంచమంతా చూసింది. ఇంకొక్క నిమిషం ఆలస్యమై ఉంటే ఈ వ్యాసం తీరే వేరుగా ఉండేది.

ఇంజిన్ మంటలను ఆర్పడానికి పైలట్ల దగ్గర ఒక మీట ఉంటుంది. అది లాగితే రెక్క నుంచి ఇంజిన్‌కు వెళ్ళే ఇంధనం ఆగిపోతుంది, ఇంజిన్ తొడుగు లోపలికి మంటలార్పే వాయువు వదలడానికి వీలు కలుగుతుంది. నహాలో ఈ ఏర్పాటు వల్ల ప్రయోజనం లేకపోయింది. ఇక్కడ కారుతున్నది ఇంజిన్ గొట్టం కాదు, రెక్కలోని ట్యాంకే. ఆ మీట ఆపగలిగే చోటుకు పైనే ధార మొదలైంది.

నేల మీదే ఎందుకు అంటుకుంది

జెట్ ఇంధనం కిరసనాయిలు జాతిదే. పంపు స్టవ్ వెలిగించిన ఇళ్ళలో దీని స్వభావం తెలుసు. ముందు బర్నరును వేడిచేయాలి, ఆ వేడికి నూనె ఆవిరి కావాలి, ఆ తర్వాతే నీలి మంట. జెట్ ఎ-1 రకం ఇంధనానికి నిప్పురవ్వ తగిలి అంటుకోవాలంటే అది కనీసం 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. నిప్పురవ్వ లేకుండా తనంతట తానే మండాలంటే రెండు వందల డిగ్రీలు దాటిన లోహం తగలాలి. అప్పుడే దిగిన విమానం ఇంజిన్ వెనుక భాగాల్లో అంతకు మించిన వేడి ఉంటుంది.

దర్యాప్తు చేసేవారు ఇలాంటి ఘటనల్లో ముందుగా మూడు ప్రశ్నలు వేసుకుంటారు: ఇంధనం ఎక్కడినుంచి వచ్చింది, వేడి ఎక్కడుంది, ఆ రెండూ ఆ క్షణంలోనే ఎందుకు కలిశాయి. మూడోదే చిక్కు ప్రశ్న. విమానం కదులుతున్నప్పుడు, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు గాలి కారిన ఇంధనాన్ని వెనక్కి తరిమేస్తుంది, పలచబరుస్తుంది. ఇంజిన్ ఆగాక ఆ గాలి ఆగుతుంది, ధార మాత్రం ఆగదు. చల్లారని లోహం మీదికి ఇంధనం చేరడానికి అప్పుడే దారి దొరుకుతుంది. నహాలో కుడి రెక్క నుంచి కారిన ఇంధనం కుడి ఇంజిన్ వేడి భాగాలను తాకి మండిందని దర్యాప్తు నిర్ధారించింది.

బూడిద నుంచి బోల్టు దాకా

దర్యాప్తును జపాన్ విమాన, రైలు ప్రమాదాల విచారణ సంఘం చేపట్టింది. 2008 అక్టోబరులో ఆ సంఘం మరో సంస్థతో కలిసి జపాన్ రవాణా భద్రతా మండలిగా మారింది. తుది నివేదిక 2009 ఆగస్టు 28న ఈ మండలి పేరు మీదే వెలువడింది. అంతర్జాతీయ నియమాల ప్రకారం విమానం నమోదైన చోటి అధికారులు, తయారైన దేశం అధికారులు కూడా పాల్గొనవచ్చు. అందుకే తైవాన్, అమెరికా దర్యాప్తు సంస్థలకు ఇందులో భాగం ఉంది. ఈ నియమాల్లోనే మరో ముఖ్యమైన మాట ఉంది: దర్యాప్తు లక్ష్యం మళ్ళీ జరగకుండా చూడటమే, నేరం ఎవరిదో తేల్చడం కాదు. ఈ కథలో ఆ మాట విలువ ముందుముందు తెలుస్తుంది.

కుడి రెక్కను విప్పి చూసినప్పుడు జాడ దొరికింది. రెక్క ముందంచున స్లాట్లు అనే పలకలు ఉంటాయి. దిగేటప్పుడు, ఎగిరేటప్పుడు అవి ముందుకు జరుగుతాయి. తక్కువ వేగంలోనూ రెక్క విమానాన్ని మోయగలిగేది వాటి వల్లే. 737లో ఇవి ఎనిమిది. ఎడమ కొస నుంచి లెక్కిస్తే ఐదోది కుడి ఇంజిన్ పక్కనే ఉంటుంది. ప్రతి స్లాట్‌నూ వంపు తిరిగిన ఉక్కు ట్రాకులు పట్టుకుని ఉంటాయి. స్లాట్ వెనక్కి ముడుచుకున్నప్పుడు ట్రాకు తోక భాగం రెక్క లోపలికి వెళ్ళాలి. కానీ రెక్క లోపలంతా ఇంధన ట్యాంకే. అందుకని ట్రాకు కోసం ట్యాంకులోకి పొడుచుకువెళ్ళే ఒక లోహపు డబ్బాను అమరుస్తారు. ట్రాకు ఆ డబ్బాలో తిరుగుతుంది, ఇంధనం డబ్బా బయట ఉంటుంది. రెంటికీ మధ్య ఉన్నది ఆ డబ్బా పలుచని గోడ ఒక్కటే.

బీరువా సొరుగును లాగినప్పుడు అది పూర్తిగా ఊడి రాకుండా వెనుక ఒక ఆపు ఉంటుంది కదా, ట్రాకు తోకకూ అలాంటి ఆపు ఉంది. ఒక బోల్టు, ఒక నట్టు, వాషరు, మరికొన్ని చిన్న భాగాలు కలిసి ఆ ఆపు అవుతాయి. ఐదో స్లాట్ ట్రాకులో ఈ బోల్టు తన చోటు విడిచి డబ్బాలో పడిపోయింది. నహాలో దిగాక స్లాట్లు ముడుచుకున్నప్పుడు ట్రాకు దాన్ని నెట్టి డబ్బా గోడకు అదిమింది. గోడకు రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున చిల్లు పడింది. ట్యాంకులోని ఇంధనం డబ్బాలోకి, అక్కడినుంచి బయటికి ధార కట్టింది.

బోల్టు ఎందుకు జారింది? ఈ ప్రశ్నకు దొరికిన జవాబే దర్యాప్తులో అన్నిటికన్నా విలువైనది. ట్రాకులో బోల్టు దూర్చే రంధ్రం కంటే నట్టు చిన్నది. రెంటి మధ్య ఉండే వాషరే నట్టును రంధ్రంలోంచి జారకుండా నిలబెడుతుంది. దారం చివర వేసిన ముడి చిన్నదైతే గుడ్డలోంచి లాగగానే ఊడి వస్తుంది. ఆ ముడిని పెద్దది చేసేదే వాషరు. కాలిన ఈ విమానంలో నట్టు బిగించే ఉంది, వాషరు మాత్రం లేదు.

బాగుచేసే పనిలోనే పడిన లోపం

అంతకు ముందు కొన్ని విమానాల్లో ఇదే నట్టు వదులై డబ్బాలకు చిల్లులు పడ్డాయి. దాంతో 2005 డిసెంబరులో బోయింగ్ ఒక సూచన పంపింది. నట్టు విప్పి, మరలకు పట్టు పెంచే పదార్థం పూసి, మళ్ళీ బిగించాలన్నది దాని సారాంశం. దాని ప్రకారం 2007 జులైలో చైనా ఎయిర్‌లైన్స్ ఈ విమానంలో ఆ పని చేయించింది. నట్టు ఊడిపోకుండా ఉండాలని చేసిన ఆ పనిలోనే, నట్టు విప్పినప్పుడు వాషరు జారిపోయి ఉండవచ్చని, ఆ సంగతి తెలియకుండానే మళ్ళీ బిగించారని నివేదిక అంచనా వేసింది. అలా బిగిసిన విమానం దాదాపు నెలన్నర ఎగిరింది.

ఆ నట్టు ఉన్న చోటును ఊహించుకోవాలి. రెక్క ముందంచు సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి, కంటికి ఆనని చోట, వేళ్ళతో తడుముతూ పని చెయ్యాలి. వాషరు జారితే చప్పుడు వినిపించకపోవచ్చు, వినిపించినా ఎక్కడ పడిందో కనిపించదు. పని చేసిన మనిషిని తప్పుపట్టి దర్యాప్తును అక్కడితో ముగించడం తేలికే. జపాన్ అధికారులు అక్కడ ఆగలేదు. చెయ్యి చేరడం ఇంత కష్టమైన చోటు గురించి పని కాగితాలు రాసేటప్పుడు బోయింగ్ గానీ, చైనా ఎయిర్‌లైన్స్ గానీ తగినంత ఆలోచించలేదని నివేదిక తేల్చింది. పని చేసినవారూ, వారి పైఅధికారీ ఆ ఇబ్బందిని పైవారికి చెప్పలేదనీ రాసింది. చేతిలోంచి జారిన వాషరు నేరం కాదు. అది జారితే నట్టు నిలవని అమరికను ఏళ్ళ తరబడి ఎవరూ ప్రశ్నించకపోవడం పెద్ద లోపం.

తర్వాత

తుది నివేదిక కోసం ఎదురుచూడకుండానే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఆగస్టు 25న, ప్రమాదం జరిగిన ఐదో రోజున, ఈ తరం 737లన్నిటినీ 24 రోజుల్లో తనిఖీ చేయాలని అత్యవసర ఆదేశం ఇచ్చింది. మరో మూడు రోజులకు ఆ గడువును పది రోజులకు కుదించింది. ప్రపంచమంతా కలిపి ఇలాంటి విమానాలు రెండు వేలకు పైగా ఎగురుతున్న రోజులవి.

ఇదే కోవలో మరో రెండు ఘటనలను పోల్చి చూడవచ్చు. 1985 ఆగస్టు 22న మాంచెస్టర్‌లో బ్రిటిష్ ఎయిర్‌టూర్స్ 737 ఎగరబోతుండగా ఇంజిన్‌లోని దహన గది పగిలి, దాని ముక్క రెక్క కింది ట్యాంకు మూతకు తగిలింది. కారిన ఇంధనం మండింది, గాలి ఆ మంటను విమానం మీదికి తోసింది. 55 మంది చనిపోయారు, వారిలో ఎక్కువ మంది పొగ వల్లే. నడవ నేల మీది వెలుగు గీతలు, మంటను ఆలస్యంగా అందుకునే సీటు కవర్లు విమానాల్లో సర్వసాధారణం కావడంలో ఆ ప్రమాదానికి పెద్ద పాత్ర ఉంది.

2016 జూన్ 27న సింగపూర్ నుంచి మిలాన్ బయలుదేరిన సింగపూర్ ఎయిర్‌లైన్స్ 368లో ధార ఇంజిన్ లోపలే మొదలైంది. నూనె, ఇంధనం పక్కపక్కన ప్రవహిస్తూ వేడిని ఇచ్చిపుచ్చుకునే పరికరంలో ఒక గొట్టం పగిలి, ఇంధనం ఇంజిన్ నూనెలోకి చేరింది. పైలట్లు గమనించింది మాత్రం నూనె తగ్గడాన్ని, అదురును. వెనక్కి తిరిగి చాంగిలో దిగగానే కుడి ఇంజిన్, రెక్క అంటుకున్నాయి. 241 మందిలో ఎవరికీ గాయం కాలేదు. నహాలోలాగే ఇక్కడా మంట నేలను తాకాకే కనబడింది, ధార మాత్రం నహాలోలా కాక ఎంతో ముందే మొదలై గాలిలోనే విమానం వెంట వచ్చింది.